గడ దించిన నాన్న

యోగితక్కకి,

ఫోన్ చేస్తే నువ్వు నవ్వుతావు. ఉత్తరంలో అయితే ఆ నవ్వు నాకు వినపడదు, అందుకని ఈ ఏర్పాటు. బీకాం పట్టభద్రుడినైన నన్ను నీ గుర్రం బహిరంగంగా తిరస్కరించిందని విన్నవించుకుంటున్నాను.

పెళ్లి ఊరేగింపుల్లో కర్రదెబ్బలు తిన్న జాజిని విడిపించి మన మామిడితోటకి తెచ్చి, పశువైద్యం పరీక్షలంటూ గన్నవరం వెళ్లిపోయావు. నువ్వు చెప్పినట్టే చేశాను. ఎదురెళ్లలేదు, కళ్లలోకి చూడలేదు, తాడు చూపించలేదు. పక్కకి తిరిగి కూర్చుని నా ఇంటర్వ్యూ సమాధానాలు వినిపించాను. కంపెనీల వాళ్లే నయం, చివరిదాకా విన్నారు. ఇది తోట ఆ చివరికి పరిగెత్తింది. వేళాకోళంగా రాస్తున్నాను గానీ అక్కా, రోజూ అలా పారిపోతుంటే నేనంత చెడ్డవాడినా అనిపిస్తోంది.

నాన్న తీర్పు చెప్పేశారు. కోతలయ్యేలోగా మనిషిని దగ్గరికి రానివ్వకపోతే, మళ్లీ ఆ ఊరేగింపుల వాళ్లకే. నిన్న భుజాన గడ, చేతిలో చిన్నరసం, ముఖాన చిరునవ్వుతో వెళ్లాను. పండూ వద్దంది. నూజివీడు వాడికి ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఓడిన అశ్వశాస్త్రజ్ఞుడు,
రవితేజ

అక్కా,

రేపు పరీక్ష ఉన్నా సరే, ముందు ఇది చదువు.

మొన్న నా గడకున్న చిక్కం, అదే కాయలు పడే వలసంచి, తెగింది. కుట్టమని నాయనమ్మకిచ్చి, ఖాళీ చేతులతో జాజి వైపు వెళ్లాను. అది పారిపోలేదు. నిలబడి చెవులు నావైపు తిప్పింది. అప్పుడు వెలిగింది నా బుర్ర. కోతల్లో మన తోటలో గడ లేని మనిషి ఉంటాడా? కాయలు కోసే ఆ పొడుగు గడ అలవాటైపోయి మన కంటికి ఆనదు. జాజికి మాత్రం మనమంతా కర్రలు పట్టుకొచ్చే జనం. నేనేమో రోజూ కర్ర భుజాన వేసుకెళ్లి స్నేహం చేద్దామన్నాను.

నాన్నకి చెబితే, కోతల్లో గడ దించితే కూలీలు నవ్వుతారన్నారు. కోతలింకా రెండ్రోజులు ఉండగానే, నిన్న సాయంత్రం హనుమాన్ జంక్షన్ నుంచి జాజి కోసం ఆ ఊరేగింపుల వాళ్ల వ్యాను రానే వచ్చింది. గేటు దగ్గర హారన్ కొట్టగానే జాజి ఒళ్లంతా వణికింది. నాన్న దాన్ని చాలాసేపు చూశారు. చూసి, తన గడని మెల్లగా నేలమీద పెట్టారు. చేతులు వెనక్కి కట్టుకుని, దానికి వీపు తిప్పి, మామిడి ధర గురించి ఆలోచిస్తున్నవాడిలా నిలబడ్డారు.

జాజి ఆగి ఆగి వచ్చింది. ఆయన భుజం మీద మూతి ఆనించింది.

నాన్న కదల్లేదు. "ఆ వ్యాను వాణ్ణి వెళ్లిపొమ్మనరా," అన్నారు గొంతు తగ్గించి. "హారన్ కొట్టొద్దను. బెదురుతుంది పిల్ల."

ఈరోజు నుంచి తోటలో కొత్త చట్టం వచ్చింది. జాజి ఉన్న వైపు గడలన్నీ నేలమీదే. కూలీలు నవ్వారు. నాన్న కూడా నవ్వారు. టెంక తీసిన చిన్నరసం ఇందాకే నా అరచేతిలోంచి తిన్నది. తిన్న మూతితో ఈ ఉత్తరం ఎవరికని వాసన చూసింది. పసుపు మరక దాని సంతకం, పక్కనున్నది నాది.

చెడ్డవాడు కాడని గుర్రమే ధ్రువీకరించిన
నీ తమ్ముడు,
రవితేజ