దక్షిణ ద్వారానికి తాళం వేయను

జాతీయ బహుళ ప్రయోజన క్రీడా ప్రాంగణం పరిపాలనాధికారి గారి సముఖమునకు, అదే ప్రాంగణపు దక్షిణ ద్వారం కాపలాదారు సమర్పించుకొను అర్జీ.

విషయం: రాబోవు ఆదివారం ఫైనల్ మ్యాచి మొదలైన వెంటనే దక్షిణ ద్వారానికి తాళం వేయవలెనన్న తమ ఉత్తర్వును పాటించకపోవుట గురించి.

అయ్యా,

తాళం వేయనని నేను ముందే చెప్పినందుకు తమరు పంపిన సంజాయిషీ నోటీసు అందినది. చదువుకొంటిని. నేనేమైనా తప్పుగా అర్థం చేసుకున్నానేమోనని మా ఆవిడ చేత కూడా చదివించితిని. అందులో ఉన్నది అదేనని ఆమె తేల్చినది. కావున ఈ క్రింది సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. తమరు కొత్తగా వచ్చినారు గనుక ప్రాంగణం చరిత్ర కొంత విన్నవించుట నా విధి. కట్టినప్పుడు ఇది పరుగు పందేలకూ ఫుట్‌బాలుకూ అన్నారు. బోర్డు మీద 'బహుళ ప్రయోజన' అని రాయించిన పెద్దమనిషికి ఆ మాట ఎంత దూరం పోతుందో తెలిసి ఉండదు. ఇక్కడ కుస్తీలు జరిగినవి, మంత్రుల ప్రమాణ స్వీకారాలు జరిగినవి, రెండింటికీ ఒకే వేదిక వాడినారు. పోలీసు ఉద్యోగాల పరుగులు, పరీక్షలు, పాటకచేరీలు జరిగినవి. వరదల ఏడాది సగం ఊరు ఈ మెట్ల మీదే కాపురం పెట్టి, జావెలిన్ విసిరే చోట బట్టలు ఆరేసుకున్నది. అతిథి జట్టు డ్రెస్సింగ్ రూములో ఒకామె ప్రసవించినది. ఆ పిల్ల ఇప్పుడు ఇదే ట్రాకు మీద పరుగెత్తుతున్నది. ప్రాంగణానికి ఎన్ని ప్రయోజనాలున్నా గేటుకు ఉన్నది ఒక్కటే. లోపలికి రావడానికి టిక్కెట్టు కావాలి, ఒప్పుకుంటాను. బయటికి పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2. జనం లోపల ఉండగా ఈ గేటుకు తాళం పడింది ఒక్కసారే. జాతీయ దినోత్సవ సభ. అప్పటి ప్రభుత్వ పెద్దాయన ఉపన్యాసం మధ్యలో జనం లేచిపోతుంటే చూడ్డానికి బాగుండదని వేయించారు. వాన ముంచుకొచ్చింది, పిడుగు పడింది, అందరూ గేటు మీదికి వచ్చిపడ్డారు. తాళంచెవి ఉన్న ఉద్యోగి వేదిక వెనక భోజనం చేస్తున్నారు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నా చెల్లెలు లేదు. బడి పిల్లలతో కవాతుకు వచ్చింది. దానితోపాటు ఇంకెందరో పోయారు. ప్రాంగణం చరిత్ర పుస్తకంలో 'వర్షము వలన స్వల్ప అంతరాయము' అని ఉంది. ఉపన్యాసం మాత్రం పూర్తిగా జరిగింది.

3. పరిహారంగా నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. నాకు వద్దన్నాను. మా అమ్మ ఊరుకోలేదు. "చెయ్యరా. ఆ గేటు దగ్గర మనవాడొకడుండాలి. లోపల జనం ఉన్నంతసేపూ తాళం నీ మెడలో ఉండాలి, గేటుకు కాదు" అంది. ఆనాటి నుంచీ అదే నా పద్ధతి. కార్యక్రమం మొదలవగానే తాళాన్ని గొలుసుతో మెడలో వేసుకుంటాను. చివరి మనిషి వెళ్ళాకే గేటుకు వేస్తాను. జనం నన్ను తాళం మామ అంటారు.

4. 'యూనిఫాం నిబంధనలకు విరుద్ధముగా మెడలో ఇనుప ఆభరణము ధరించుట' అని తమ నోటీసులో మరో అభియోగం ఉన్నది. దానికి మా ఆవిడ నవ్వి, "పెళ్ళైనప్పటి నుంచీ మీ ఒంటి మీద నేను చూసిన నగ అదొక్కటే" అంది. తర్వాత నవ్వు ఆపి, "పింఛను దగ్గరికొచ్చింది. ఒక్క ఆదివారం కళ్ళు మూసుకోలేరా?" అంది. మర్నాడు డ్యూటీకి బయల్దేరుతూ చూస్తే, మెడ ఒరుసుకోకుండా గొలుసుకు మెత్తటి గుడ్డ చుట్టి కుట్టి ఉంది.

5. టిక్కెట్టు లేనివాళ్ళు నా గేటులోంచి దూరుతున్నారని తమరు నోటీసులో అన్న మాట నిజం. పట్టుకోవడానికి మనుషుల్ని వెయ్యండి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

6. కావున ఆదివారం నేను తాళం వేయను. నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకోవచ్చు, అది తమ అధికారం. అప్పుడు టిక్కెట్టు కొనుక్కుని వచ్చి గేటు రెక్కల మధ్య నిలబడతాను. మూయదలచినవారు నా మీద మూసుకోవచ్చు.

తమరు చిత్తగించవలెను. చిత్తగించకపోయినను గేటు తెరిచియే ఉండును.

ఇట్లు,
గేటు సంగతిలో తప్ప అన్నిటా తమ విధేయుడు,
దక్షిణ ద్వారం కాపలాదారు

తా.క.: పోయిన మ్యాచికి మీ అమ్మగారు మనవల్ని తీసుకుని వచ్చారు. పాసు వీఐపీ వరుసకే అయినా, నేరుగా నా దగ్గరికొచ్చి "తాళం ఎక్కడుందయ్యా?" అని అడిగారు. మెడలోది చూపించాను. అప్పుడు గేటు పక్క మెట్టు మీదే కూర్చుని, ఆట అయ్యేదాకా కదల్లేదు. ఆ వాన రోజు ఆవిడా లోపలే ఉన్నారట. ఎవరో గోడ మీదికి ఎత్తి అవతలికి దింపారట. అప్పటికి మీరు కడుపులో ఉన్నారట. ఆదివారం కూడా వస్తానన్నారు. ఆ మెట్టు ఆవిడ కోసం అట్టిపెట్టాను.