మందుల అలమారకు తాళం

అమ్మకు,

నీ వాగుడుకాయ నమస్కారాలు. నాన్న, నానమ్మ కులాసా. నా కులాసా సంగతి చివర్లో రాస్తాను, ముందే అక్కడికి దూకకు.

నీ ఉత్తరం అందింది. కుట్టు ఫ్యాక్టరీలో కొత్త మిషన్ ఇచ్చారన్నావు. మరి కుర్చీ మార్చారా? నడుం నొప్పి గురించి ఒక్క ముక్కా రాయలేదు. నువ్వు రాయని సంగతే నేను ముందు చదువుతాను.

ఇక నువ్వు అడిగిన ప్రశ్న. "ఊరందరి తాళాలూ బాగుచేసే మీ నాన్న సొంతింట్లో ఎన్నడూ తాళం వేసి ఎరగరు. ఇప్పుడు మందుల అలమారకు ఎందుకు వేశారు? దొంగలు గానీ పడ్డారా?" అన్నావు. నానమ్మ ఫోన్‌లో చాడీలు చెప్పిందన్నమాట. ఇక్కడా రోజూ అదే గొడవ.

"ఏరా, నా మోకాళ్ల మాత్రకి నేను నీకు అర్జీ పెట్టుకోవాలా?"

"పెట్టుకోమ్మా. కింద సంతకం కూడా చెయ్యి."

"నీ తాళం తగలెయ్య!"

అలా తిట్టి, మాత్ర మింగి, తాళంచెవి మళ్లీ నాన్న చేతిలోనే పెడుతుంది. ఎందుకో ఆవిడకూ తెలుసు. నీకొక్కదానికే తెలియదు.

దొంగలు పడలేదమ్మా. ఆ తాళం నా కోసం.

ఈ వాక్యం రాసి, లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను. సిగ్గుగా ఉంది. నేను లెక్కల్లో తప్పాను. నీకు చెప్పలేదు. "నువ్వు చదువుకుంటే చాలే, నా నడుం నొప్పి అదే పోతుంది" అంటావు కదా. అంటే నేను తప్పితే ఆ నొప్పి నా వల్లేనని లెక్కవేసుకున్నాను. నువ్వలా అనలేదు, నేనే అలా విన్నాను. తిండి సయించలేదు. మాటలంటే ప్రాణం పెట్టేదాన్ని, నోరు విప్పబుద్ధి కాలేదు. నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుందనిపించింది. నువ్వు కొనిచ్చిన నిఘంటువు, ఎవరినీ ముట్టుకోనివ్వనిది, పక్కింటి పిల్లకు ఇచ్చేశాను.

ఆ పిల్ల దాన్ని షాపులో నాన్నకు చూపించి మురిసిపోయిందట. నాన్న పని సగంలో వదిలేసి ఇంటికొచ్చి, నా గది లోపలి గడియ ఊడదీశాడు. నాకు ఒళ్లు మండింది. "నా గదికి గడియ లేకుండా చేస్తావా?" అని అరిచాను. నాన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"నాకు ఇదొక్కటే వచ్చు. అడగడం రాదు. అయినా అడుగుతున్నా. చచ్చిపోవాలనిపిస్తోందా, తల్లీ?"

అన్ని మాటలు నేర్చుకున్నానా, "ఊఁ" అని మాత్రమే అనగలిగాను. తిడతాడనుకున్నాను. "ఎప్పట్నుంచి?" అన్నాడు. నేను ఏడుస్తూ చెబుతుంటే ఒక్కసారీ అడ్డు రాలేదు. "నీకేం తక్కువ చేశాం?" అనలేదు. అంతా విన్నాక, "లెక్కలా! ఆ రాక్షసి నన్నూ మూడుసార్లు తన్నింది" అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది.

మర్నాడు షాపు మూసి నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇప్పుడు వారం వారం వెళ్తున్నాం. మొదట్లో ఆవిడ ముందు తలెత్తలేకపోయాను. "జ్వరమొస్తే సిగ్గుపడతావా?" అని అడిగింది. పడనన్నాను. అయినా ఈ సిగ్గు పోలేదు, కాకపోతే సిగ్గుపడుతూనే మాట్లాడుతున్నాను. ఆ ఆలోచన ఇంకా అప్పుడప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకుండా వెంటనే నాన్నతో చెప్పమంది. చెబుతున్నాను.

నిఘంటువు తిరిగి ఇవ్వనంటోంది పక్కింటి పిల్ల. రోజూ వాళ్ల మెట్ల మీద చెరో పక్క పట్టుకుని చదువుతున్నాం.

ఇదంతా నీకు తనే రాస్తానన్నాడు నాన్న. వద్దన్నాను. రావాలనిపిస్తే రా, కంగారుపడి మాత్రం రాకు. ఫోన్ చేసినప్పుడల్లా "తిన్నావా, చదివావా" అంటావు చూడు, ఈసారి ఆ రెండూ పక్కనపెట్టి, నాన్న అడిగిందే అడుగు. నేను వెంటనే పలకకపోతే పెట్టెయ్యకు. కాస్త ఆగు. చెబుతాను.

ఇట్లు,
మళ్లీ నోరు విప్పిన
నీ వాగుడుకాయ కూతురు