హాల్లో ఎన్ని చాపలు పడతాయి

బెంగళూరు,
ఆదివారం.

జయంతక్కకు,

ఈడ ముగ్గురం బాగుండాము. తిరుపతిలో మీ వెనకవీధి మేడమీద ఇల్లు మాకు కావాల్నా వద్దా అని ఇంటాయన అడగతా ఉండాడని నువ్వు రెండుమార్లు ఫోన్ చేసినావు. ఫోన్లో చెబితే పక్కన బావ ఉంటాడని రాస్తా ఉండాను.

ఆఫీసువాళ్లు యాడనుంచైనా పని చేసుకోమన్నారు. ఈడ బాడుగ ఏటికేడు ఎక్కతానే ఉండాది. అయినా నీ మరదలు భాను ఒప్పుకోలేదు. "తిరుపతిలో కాపురం పెడితే కొండకు పోయే చుట్టాలంతా మనింట్లోనే దిగుతారు. కొండ దిగొచ్చిన గుండ్లన్నీ మన బాత్రూము ముందర వరస కడతాయి" అనింది. నాకూ నిజమే అనిపించి, వద్దని చెబుదామనుకున్నాను.

పోయిన వారం బావ పనిమీద ఈడికొచ్చి మా ఇంటికీ వచ్చినాడు కదా. జరిగింది నీకు చెప్పుండడు. బెల్లు కొడితే మా పాప పోయి తలుపు తీసింది. చేతిలో నువ్వు పంపిన శెనక్కాయల సంచి చూసి, "అంకుల్, అక్కడే పెట్టేసి పోండి" అని సొంత మామ ముందర తలుపేసేసింది. ఆర్డర్లు తెచ్చేవాళ్లు తప్ప మా బెల్లు ఎవరూ కొట్టరక్కా. బావ నవ్వేసినాడు. భాను నవ్వలేదు.

వస్తామని ఇంటాయనకు చెప్పు. హాల్లో ఎన్ని చాపలు పడతాయో చూసి చెప్పమంటా ఉండాది భాను.

నీ తమ్ముడు