చైర్మన్ గారి పొగడ్తపై సంజాయిషీ

శంషాబాద్,
ఫిబ్రవరి 2013

విద్యాశాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పదో తరగతికి వ్యంగ్య నవల బోధించి, అది పిల్లలకు అర్థమయ్యేలా చేసినందుకు నాపై జారీ అయిన మెమోకు సంజాయిషీ, బదిలీ నిలుపుదలకై వేడికోలు.

విమానాశ్రయం గోడ పక్కనున్న ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేయుచున్న గోవర్ధన్ అను నేను సవినయంగా విన్నవించునది ఏమనగా:

1. పెద్దలు ఏనాడో గొప్పదని తేల్చిన ఒక పాత వ్యంగ్య నవలను నేను పదో తరగతికి చెప్పిన మాట వాస్తవం. అందులో ఒక దొర, ఒక కవి ఉంటారు. కవి దొర చేసే ప్రతి పాడు పనినీ పుణ్యకార్యంగా వర్ణిస్తాడు. దొర మురిసిపోయి శాలువాలు కప్పుతాడు. దీనిని వ్యాజస్తుతి అంటారు. పైకి పొగడ్త, లోపల వాత. పరీక్షలో ఉదాహరణ అడుగుతారు కనుక సొంతంగా ఒకటి రాసుకురమ్మని పిల్లలకు చెప్పాను. నా నేరం ఇంతవరకే.

2. మా పాఠశాల కమిటీ చైర్మన్ బాలమల్లు గారు. నిన్నమొన్నటి వరకు వ్యవసాయం చేసేవారు. భూమి విమానాశ్రయంలోకి పోయాక టెంటుహౌస్ పెట్టారు. మనిషి చెడ్డవారు కారు. కుర్చీలు ఎక్కువ, చోటు తక్కువ. అందువల్ల బడిలోని ఆడపిల్లల మరుగుదొడ్డిలో కుర్చీలు సర్ది, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఆడపిల్లలు అవసరమైతే ఇంటికి పోతారు, పోయినవారు తిరిగి రారు. హాజరు తగ్గిందని నాకు ఇదివరకే ఒక మెమో వచ్చి ఉన్నది.

3. సదరు చైర్మన్ గారి కుమార్తె సునీత మా పదో తరగతి విద్యార్థిని. జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేశాక తండ్రిని గూర్చి తాను రాసినది మైకులో చదివింది. అందులో ముఖ్య భాగం:

"మా బాపు దయాగుణం ఇంతింత కాదు. కుర్చీలు ఎండకు ఎండితే, వానకు తడిస్తే ఆయన మనసు ఊరుకోదు. అందుకే మా మరుగుదొడ్డిని వాటికి ఇల్లుగా ఇచ్చారు. మాకు ఇండ్లున్నాయి, పాపం కుర్చీలకు లేవు. పొద్దంతా నీళ్ళు తాగకుండా ఉండే తపస్సును ఋషులు అడవులకు పోయి నేర్చుకున్నారు. మాకు బాపు తరగతిలోనే నేర్పారు. ఆయన ప్రసంగించేటప్పుడే పైనుంచి విమానాలు పోవడం కూడా దైవసంకల్పమే."

దీనిని నేను ముందుగా చూశానా అని మెమోలో అడిగారు. చూశాను. అక్షరదోషాలు దిద్దాను. వేరే దోషాలు కనబడలేదు.

4. చైర్మన్ గారికి దయాగుణం, ఋషులు, తపస్సు, దైవసంకల్పం అనే మాటలు వినబడ్డాయి. కండ్లు తుడుచుకున్నారు. "సారూ, నా బిడ్డను సరస్వతిని చేసినవ్" అంటూ నాకు శాలువా కప్పారు. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది. అంతటితో ఆగక, ఆ రాత మొత్తం తన ఫొటోతో ఫ్లెక్సీ కొట్టించి, ఎయిర్‌పోర్టు రోడ్డు మలుపులో కట్టించారు.

5. ఆ మలుపులో టాక్సీలు ఆగడం మొదలైంది. డ్రైవర్లు చదివేవారు, నవ్వేవారు, ఫోన్లలో ఫొటోలు తీసేవారు. చైర్మన్ గారి భార్య రుక్కమ్మ గారు బుద్వేల్‌లోని చెల్లెలింటి నుంచి వస్తూ అక్కడ ఆటో దిగారు. ఆమెకు చదువు రాదు. "ఏమున్నదన్నా, గంతగనం నవ్వుతున్రు?" అని ఒక డ్రైవరును అడిగితే, అతను ఆమె ఎవరో తెలియక మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాడు. ఆమె ఫ్లెక్సీ కర్ర పట్టుకొని నవ్వి, ఇంటికి పోయి భర్తకు అర్థం చెప్పారు.

6. మరునాడు చైర్మన్ గారు తమరి కార్యాలయానికి వచ్చి నాపై ఫిర్యాదు ఇచ్చి, అటునుంచి అటే మా తరగతిలోకి వచ్చారు.

"ఏంది సారూ గిది? నా బిడ్డతోనే నన్ను తిట్టిపిస్తవా?"

"తిట్టు కాదండీ, వ్యాజస్తుతి."

"గది ఏ సెక్షన్ కిందికి వస్తది?"

అంతలో సునీత లేచింది. "బాపూ, అండ్ల ఒక్క అబద్ధం చూపియ్. గిప్పుడే కొట్టేస్త."

ఆయన నోరు తెరిచారు. అదే సమయంలో వెనక బెంచీ నుంచి కవిత అనే పిల్ల లేచి, "సార్, ఇంటికి పోతా" అంది.

"మల్ల బడి ఎగ్గొడ్తున్నవా? ఏం పనున్నది ఇంట్ల?" అని గద్దించారు చైర్మన్ గారు.

కవిత తల వంచుకుంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. సునీత తండ్రి ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆయన చూపు కవిత మీది నుంచి కూతురి మీదికి వచ్చి అక్కడే ఆగిపోయింది. "నువ్వు గూడ గిట్లనే పోతున్నవా బిడ్డా?" అని చాలా మెల్లగా అడిగారు. ఆ పిల్ల తలూపింది.

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి కవితకు ఇచ్చి బయటికి నడిచారు. సాయంత్రం దాకా కుర్చీలు మోయించారు. చివరి రెండు తానే నెత్తిన పెట్టుకొని పోయారు. క్షమాపణ చెప్పలేదు. మేమూ అడగలేదు.

7. తర్వాత ఆయన తన ఫిర్యాదును వాపసు తీసుకోవడానికి తమ కార్యాలయానికి వచ్చి ఉన్నారు. ఫిర్యాదు తీసుకొనే కిటికీ ఉన్నదని, తిరిగి ఇచ్చే కిటికీ లేదని తమ సిబ్బంది తెలిపిరి. ఈలోగా ప్రధానోపాధ్యాయుల వారు నవల ప్రతులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

8. విద్యార్థులు నవ్విన మాట నిజమా, ఎవరిని చూసి నవ్విరి అని మెమోలో అడిగారు. నవ్వారు అయ్యా. ఇరవై ఏండ్లుగా నేను హాస్యరసానికి నిర్వచనం బట్టీ పట్టిస్తున్నాను, ఒక్కడూ నవ్వలేదు. ఈ ఏడాది వెనక బెంచీ కూడా నవ్వింది. ఇందుకు నన్ను ఎక్కడికి పంపినా పోతాను గాని, పరీక్షలు నెత్తిమీద ఉండగా పంపకండి. ఈ పిల్లలను సగంలో వదిలి పోలేను. రోజూ షాద్‌నగర్ నుంచి బస్సులో నిలబడి వస్తున్నాను. అదీ నాకు కష్టంగా తోచడం లేదు.

కావున బదిలీ నిలిపి, బీరువా తెరిపించి, మరుగుదొడ్డికి నల్లా కనెక్షన్ ఇప్పించవలసిందిగా కోరుతూ, ఈ అర్జీని పక్కన పెట్టే ముందు ఒక్కసారి చిత్తగించవలెనని ప్రార్థన.

ఇప్పటికి ఇంకా తమ విధేయుడు,
గోవర్ధన్,
తెలుగు ఉపాధ్యాయుడు

తా.క.: ఈ అర్జీని చైర్మన్ గారికి చదివి వినిపించాను. అంతా విని, "ఉత్తగ అడిగితే పని కాదు సారూ. పెద్దసారు గురించి జర నాలుగు మంచి మాటలు రాయి" అన్నారు. తమరిని నేను ఎరుగను కనుక రాయలేదు. రాస్తామని సునీత, కవిత ముందుకు వచ్చారు. నల్లా వస్తుందో రాదో తేలేదాకా ఆగమని చెప్పాను. ఫ్లెక్సీ ఖర్చు చైర్మన్ గారు పెట్టుకుంటారట.