ఖాతాదారుని స్వయంగా తీసుకురావడం గురించి

ఖిదిర్‌పూర్, కోల్‌కతా

సమాధుల తోట ఆన్‌లైన్ సేవల అధికారి శ్రీ రఘురాం గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కీ.శే. జ్ఞానానందం గారి ఖాతాకు పడిన తాళం తీయించుట.

తమరు తెలుగువారని విని తెలుగులో రాసుకుంటున్నాను. ఇంగ్లీషులో పెట్టుకున్న అర్జీకి జవాబు రాలేదు.

1. మా అన్నయ్య జ్ఞానానందం, పోర్టులో క్రేను నడిపి రిటైరైనవారు, మంగళవారం ప్రభువునందు నిద్రించారు. చిన్నతనంలోనే పోయిన కూతురు కెరోలిన్ సమాధి పక్క స్థలాన్ని ఆయన తమ పోర్టల్‌లో తన పేరిట ఉంచుకున్నారు. ఆ ఖాతా తెరిస్తేనే భూస్థాపనకు అనుమతి వచ్చును.

2. అన్నయ్య నోట ఎప్పుడూ ఏదో ఒక లేఖన వాక్యం ఉండేది. కనుక పాస్‌వర్డ్ కూడా ఆయనకు ఇష్టమైన వాక్యం అధ్యాయం, వచనం సంఖ్యలే అయి ఉంటాయని పరామర్శకు వచ్చిన సంఘ పెద్దలు నిశ్చయించారు. ఒక్కొక్కరూ ప్రార్థన చేసి మరీ, తమకు ఇష్టమైన వాక్యం కొట్టారు. ఐదో పెద్ద గారితో ఖాతాకు తాళం పడినది.

3. తాళం తీసే ఓటీపీ ఆయన వదిలేసిన పాత నంబరుకు పోవుచున్నది. ఆ నంబరు ఇప్పుడు గార్డెన్ రీచ్‌లో ఒక దర్జీది. ఫోన్ చేశాను. "చాలా బాధగా ఉంది దాదా, కానీ ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు కదా" అన్నాడు. అతని తప్పేమీ లేదు.

4. తమ కౌంటరులో మరణ ధ్రువపత్రం చూపించాను. తాళం తీయాలంటే ఖాతాదారుడు స్వయంగా హాజరు కావలెనన్నారు. ఆయన చనిపోయారని మళ్లీ చెప్పాను. వాళ్లు రూలు మళ్లీ చదివారు. కావాలంటే తోట అవతలి చివర వేరే స్థలం ఇస్తామన్నారు. మా వదిన డోర్కాస్ ఒప్పుకోలేదు. "పిల్ల పక్కనే పడుకుంతానన్నారు. అదొక్కటే అడిగేరు. బతికినన్నాళ్లూ ఇంకేటడిగేరు?" అంది. అలసిపోయానయ్యా.

కావున తమరు దయతో ఆ తాళం తీయించి, తండ్రిని కూతురి పక్కకు చేర్చవలసిందిగా కోరుకుంటున్న ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రత్నరాజు

తా.క.: జవాబు రానిచో, తమ రూలు ప్రకారమే రేపు ఉదయం ఖాతాదారుని స్వయంగా తీసుకువస్తున్నాము. మార్చురీ వాళ్లు బండి ఇస్తామన్నారు. వదిన ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. "ఆఫీసు తెరిసీసరికే ఉండాల రత్నం, మీ అన్నయ్య ఏ రోజూ ఆలీసంగా ఎల్నేదు" అంటోంది. ఆయన కూర్చోలేరు గనుక, మెట్లు లేని వైపు గేటు తెరిపించి ఉంచగలరు.