మొలతాడు సంబరం

అన్నం వండి పెట్టాను, పప్పు పొయ్యి మీదే ఉంది. పత్తి తీయించడానికి చేనుకు పోతున్నా. బర్రెకు నీళ్లు పెట్టండి, అదీ కసరత్తే.

ఉగాదికల్లా పొట్ట తగ్గిస్తానని మీరు ఊరంతా చాటారు. మా బసవపున్నయ్య అన్నను తోడేసుకుని రోజూ బోనకల్ స్టేషన్ దాకా నడుస్తారు. నడిచి ఏం లాభం? అక్కడ మిరపకాయ బజ్జీల బండి దగ్గర కూలబడతారు. ఈ పొద్దున మా అన్న "మొలతాడు జారుతుంది బావా, సగం పొట్ట కరిగింది" అన్నాడట. ఆ మాటకే మురిసిపోయి ఇంటికొచ్చి నాకూ చూపించారు. మా అన్న పొట్ట పక్కన నిలబడితే మన బర్రె కూడా సన్నగానే కనబడుతుంది.

మరిచిపోయాను. పొట్ట ఏమీ కరగలేదు. తాడు ఒరుసుకుని నడుము పుండవుతుంటే, నిన్న మధ్యాహ్నం మీరు గుర్రుపెడుతున్నప్పుడు నేనే విప్పి వదులుగా కట్టాను. కొబ్బరినూనె గూట్లో ఉంది, రాసుకోండి.