గుండిగతో సహా పంపండి

ఫాల్ రివర్

ఇడలీనా పిన్నికి,

నేను పుట్టి, పసితనంలోనే వదిలొచ్చిన దీవులకు నన్ను పంపెయ్యాలన్న ఉత్తర్వు జడ్జి రద్దు చేశారు. గ్రీన్ కార్డు నా దగ్గరే ఉంటుంది. పాత నేరమున్నా, ఇక్కడి మంచి బతుకు చూసి మన్నించే వీలు చట్టంలో ఉందని లాయరంటే నేను నమ్మలేదు. నీ సాక్ష్యమే నన్ను నిలబెట్టింది. మంచే చెప్పమని ఆయన బతిమాలినా నువ్వు వింటేగా! "వీడు మొండిఘటమండీ. పవిత్రాత్మ పండగ సూపులో ఉప్పెక్కువేస్తాడు. అయినా పేట మొత్తానికీ వండేది వీడే. పంపేస్తే ఆ గుండిగతో సహా పంపండి, దాన్ని దించడం మావల్ల కాదు" అన్నావు. జడ్జి నవ్వేశారు.

పిన్నీ, నీ దగ్గరున్నదీ ఉత్త కార్డే. సోమవారం లాయరు దగ్గరికెళ్లి పౌరసత్వానికి దరఖాస్తు పెడదాం. ఈసారి నీ పక్కన నేనుంటాను. ఉప్పు చాలలేదని ఏటా గొణిగేది నువ్వేనని మాత్రం ఎవరికీ చెప్పను.

నీ అక్క కొడుకు